గాలికీ ఒక కొలత ఉంది

ఒక దృశ్యాన్ని ఊహించుకుందాం. మే నెల మధ్యాహ్నం. జనగామ దగ్గర, హైదరాబాదు-వరంగల్ రహదారి పక్కన ఒక పంక్చర్ దుకాణం. భూపాలపల్లిలో జరిగే నికాహ్‌కు బయలుదేరిన ఒక కుటుంబం కారు అక్కడ ఆగింది. స్టీరింగు దగ్గర ఇంటి యజమాని, వెనుక సీట్లో ఆయన భార్య, ఇద్దరు పిల్లలు, వారి నానీ. "భాయ్, ఎండలు మండిపోతున్నాయి. టైర్లు పేలకుండా గాలి కాస్త తక్కువగానే ఉంచు" అన్నాడాయన. "అలాగే సాబ్" అంటూ దుకాణదారు మీటరు తగిలించి, ఒక్కొక్క టైరులోంచి నాలుగైదు పౌన్ల గాలి వదిలేశాడు. ఇద్దరూ మంచి పనే చేశామని తృప్తి పడ్డారు. కారు వరంగల్ వైపు సాగిపోయింది.

వారి ఉద్దేశంలో లోపం లేదు, లెక్కలో ఉంది. వేడికి గాలి పొంగుతుందని ఇద్దరికీ తెలుసు. ఎంత పొంగుతుందో, పొంగటానికి చోటు లేనప్పుడు ఏమవుతుందో తెలియదు. పదో తరగతి దాటిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు వాయు నియమాలను కంఠస్థం చేసినవారే. పరీక్ష అయిపోగానే ఆ నియమాలు పుస్తకంలోనే మిగిలిపోయాయి. నిజానికి అవి మన టైర్లలో, కుక్కర్లలో, వంటింటి సిలిండర్లలో ప్రతిదినం పని చేస్తూనే ఉన్నాయి. ఈ నెల వాటినే ఇంటి భాషలో చెప్పుకుందాం.

మూడు కొలతలు, ఒకే బంధం

మూసిన పాత్రలో ఉన్న గాలిని మూడు కొలతలతో వర్ణించవచ్చు. ఒకటి పీడనం, అంటే గాలి గోడలను నెట్టే బలం. రెండవది ఘనపరిమాణం, అంటే అది ఆక్రమించే చోటు. మూడవది ఉష్ణోగ్రత. గాలి అణువులు క్షణమైనా నిలకడగా ఉండవు. అన్ని దిక్కులకూ పరుగెడుతూ గోడలను ఢీకొంటూ ఉంటాయి. కోట్లాది చిన్న దెబ్బల మొత్తమే పీడనం. వేడి చేస్తే అణువుల పరుగు పెరుగుతుంది, దెబ్బలు బలంగా తగులుతాయి. చోటు తగ్గిస్తే గోడలు దగ్గరవుతాయి, దెబ్బలు తరచుగా తగులుతాయి.

కనుక ఈ మూడింటిలో ఒకదాన్ని మార్చితే మిగిలినవి ఊరుకోవు. అయితే ఏది మారుతుందన్నది ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది: మూడింటిలో ఏది కట్టుబడి ఉంది? చోటు పెరగటానికి వీలు లేకపోతే వేడి అంతా పీడనంగా మారుతుంది. చోటు పెరిగే వీలుంటే పీడనం పెద్దగా మారదు, గాలి పొంగుతుంది. ఈ ఒక్క ప్రశ్న అడగటం అలవాటైతే వాయు నియమాలను కంఠస్థం చేయనవసరం లేదు.

జనగామ: టైరులో గాలి

కారు టైరు గట్టి పాత్ర వంటిది. గాలి వేడెక్కినంత మాత్రాన దాని లోపలి చోటు చెప్పుకోదగినంతగా పెరగదు. కాబట్టి ఇక్కడ కట్టుబడినది ఘనపరిమాణం, మారేది పీడనం. వేడితో పాటు పీడనం పెరుగుతుందని ఫ్రాన్సు దేశస్థుడైన అమోంటాన్ 1700 ప్రాంతంలోనే గమనించాడు. ఎంత పెరుగుతుందో చూద్దాం.

ఉదయం ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, మీటరు చూపే గాలి 30 పౌన్లు అనుకుందాం. మీటరు చూపేది బయటి గాలి కంటే లోపల ఎంత ఎక్కువ ఉందో మాత్రమే. బయటి వాతావరణ పీడనం దాదాపు 15 పౌన్లు కనుక టైరులోని అసలు పీడనం 45 పౌన్లు. ఇక ఉష్ణోగ్రత. మనం వాడే సెంటీగ్రేడు కొలతలో సున్నా అంటే నీరు గడ్డకట్టే స్థితి మాత్రమే, వేడి బొత్తిగా లేని స్థితి కాదు. అంతకంటే చల్లగా ఉండటం అసాధ్యమైన స్థితి మైనస్ 273 డిగ్రీల దగ్గర ఉంది. వాయువుల లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి. 1848లో కెల్విన్ ప్రతిపాదించిన కొలమానం ఇదే. ఆ లెక్కన 27 డిగ్రీలు అంటే 300. కాలుతున్న రోడ్డు మీద పరుగెత్తిన టైరులో గాలి 57 డిగ్రీలకు చేరితే అది 330. అంటే పెరిగింది పదో వంతు. పీడనమూ పదో వంతే పెరుగుతుంది. 45 కాస్తా 49.5 అవుతుంది, మీటరు 34.5 చూపుతుంది.

పెరిగినది నాలుగున్నర పౌన్లు. ఈ పెరుగుదల టైరు తయారుచేసేవారికి ముందే తెలుసు. దాన్ని తట్టుకునేలాగానే టైరును రూపొందిస్తారు. మరి వేసవిలో టైర్లు ఎందుకు పేలుతున్నాయి? పాత రబ్బరు, మోయలేని బరువు, రాయి దెబ్బ వంటి కారణాలు ఉన్నాయి. వాటితో పాటు ఒక ముఖ్య కారణం గాలి తక్కువగా ఉండటమే. గాలి తగ్గిన టైరు బరువు కింద నలుగుతుంది. తిరిగిన ప్రతిసారీ దాని పక్క గోడలు వంగి, మళ్ళీ నిలబడతాయి. తీగను అటూ ఇటూ వంచుతుంటే అది వేడెక్కటం మనకు తెలుసు. రబ్బరుకూ అదే జరుగుతుంది. ఆ వేడికి రబ్బరు మెత్తబడి, లోపలి దారపు పొరలు విడిపోయి, చివరకు టైరు తెగిపోతుంది. పేలుడును తప్పించాలని వదిలిన గాలి పేలుడుకు దారి తీసిందన్నమాట.

కనుక కంపెనీ చెప్పిన కొలత ప్రకారమే గాలి ఉంచాలి. కార్లలో సాధారణంగా ఆ కొలత డ్రైవరు తలుపు చట్రం మీద అంటించి ఉంటుంది, వాహనంతో ఇచ్చే పుస్తకంలోనూ ఉంటుంది. అది చల్లని టైరుకు చెప్పిన కొలత. బండి కనీసం మూడు గంటలు నీడలో నిలిచిన తరువాత, ఉదయం పూట చూసుకోవటం మేలు. దూరం నడిచి వచ్చిన వేడి టైరులో మీటరు ఎక్కువ చూపిందని గాలి వదిలితే, మర్నాటి ఉదయానికి అది అవసరమైన దానికంటే తక్కువే అవుతుంది. నైట్రోజన్ నింపితే వేడికి పీడనం పెరగదని కొందరు చెబుతారు. అది సరికాదు. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. రెండూ ఒకే నియమానికి లోబడి ఉంటాయి.

మహబూబాబాద్: మిరప తోటలో పిచికారీ

భూపాలపల్లి నికాహ్‌కు పెళ్ళికొడుకు తరఫువారు మహబూబాబాద్ నుంచి వస్తున్నారనుకుందాం. మానుకోట అని మనం పిలుచుకునే ఆ ప్రాంతం మిరప పంటకు ప్రసిద్ధి. అక్కడి రైతు వీపున తగిలించుకుని చేత్తో కొట్టే పిచికారీ పంపులో వాయువులకు సంబంధించిన మరొక నియమం దాగి ఉంది.

పంపు లోపల ఒక చిన్న పీడన గది ఉంటుంది. రైతు పిడిని కొట్టిన ప్రతిసారీ మందునీరు ఆ గదిలోకి చేరి, అక్కడి గాలిని ఒక మూలకు నెడుతుంది. గాలికి చోటు తగ్గుతుంది, పీడనం పెరుగుతుంది. నలిగిన ఆ గాలి తిరిగి సాగాలని చూస్తూ నీటిని గొట్టంలోకి తోస్తుంది. అందుకే చేయి ఆగి ఆగి కొట్టినా తుంపర మాత్రం ఆగకుండా వస్తుంది. ఇక్కడ ఉష్ణోగ్రత దాదాపు మారదు, చోటూ పీడనమూ మారతాయి. చోటు సగమైతే పీడనం రెట్టింపు, చోటు మూడో వంతైతే పీడనం మూడు రెట్లు.

ఈ సంబంధాన్ని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించాడు. ఒక కొస మూసిన వంపు గాజు గొట్టంలో పాదరసం పోస్తూ, మూసిన వైపు చిక్కుకున్న గాలి ఎంత కుంచించుకుపోతుందో కొలిచాడు. అయితే గాలిని కొలవదగిన పదార్థంగా చూడటం అప్పుడే మొదలు కాలేదు. మర్వ్ నగరానికి చెందిన అల్ ఖాజినీ హిజ్రీ 515లో, అంటే క్రీస్తుశకం 1121-22లో, "మీజానుల్ హిక్మా" అనే గ్రంథం రచించాడు. తూకాల గురించిన ఆ గ్రంథంలో గాలికీ బరువు ఉంటుందని, ఆ కారణంగా గాలిలో తూచిన వస్తువు బరువు కొంత తగ్గుతుందని వివరించాడు. బాయిల్ నియమం ఆయన కనిపెట్టాడని చెప్పటం అతిశయోక్తి అవుతుంది. కంటికి కనబడని గాలిని కూడా తక్కెడ దగ్గరకు తెచ్చిన వారిలో ఆయన ఒకడు అనటం న్యాయం.

పెళ్ళి పందిట్లో బెలూన్లు

మూడవ సందర్భం పిల్లలకు బాగా తెలుసు. చల్లని హాలులో నిండుగా ఊదిన బెలూన్లను ఎండలో ఉన్న గేటు దగ్గర కడితే కొద్దిసేపటికే ఒకదాని తరువాత ఒకటి పగిలిపోతాయి. రబ్బరు సాగుతుంది కనుక లోపలి పీడనం పెద్దగా మారదు, చోటు పెరుగుతుంది. హాలులో 27 డిగ్రీలు, బయట 45 డిగ్రీలు అయితే గాలికి కావలసిన చోటు నూటికి ఆరు వంతులు పెరుగుతుంది. అప్పటికే పూర్తిగా సాగిన రబ్బరుకు ఆ ఆరు వంతులే భారం. కాస్త వెలితిగా ఊదితే చాలు, బెలూను నిలుస్తుంది.

ఈ నియమానికి చార్లెస్ పేరు స్థిరపడటం వెనుక ఒక ముచ్చట ఉంది. 1783లో హైడ్రోజన్ బెలూనులో పారిస్ ఆకాశంలోకి ఎగిరిన శాస్త్రవేత్త ఆయన. 1787 ప్రాంతంలో ఈ ప్రయోగాలు చేసినా ఫలితాలను ప్రచురించలేదు. 1802లో గే లుసాక్ స్వయంగా ప్రయోగాలు చేసి ప్రచురించినప్పుడు, తనకంటే ముందు చార్లెస్ ఈ దారిలో నడిచాడని పేరు పెట్టి రాశాడు. జ్ఞానం కూడా ఒక అమానత్. ఎవరి వాటా వారికి చెందాలన్న నిజాయితీ వల్లనే ఈనాడు పిల్లలు ఆ పేరు చదువుకుంటున్నారు.

భూపాలపల్లి: గనిలో గాలి, కేంద్రంలో ఆవిరి

పెళ్ళివారు భూపాలపల్లి చేరారు. అక్కడ సింగరేణి గనులు ఉన్నాయి. భూగర్భ గనిలో బొగ్గు తీసివేసిన తరువాత విశాలమైన ఖాళీలు మిగులుతాయి. వాటిలో మీథేన్ వంటి వాయువులు, ప్రాణవాయువు తగ్గిన గాలి నిలిచి ఉండవచ్చు. తుపాను ముందు బయటి వాతావరణ పీడనం తగ్గుతుంది. బయటి ఒత్తిడి తగ్గగానే, బాయిల్ నియమం ప్రకారం, ఆ ఖాళీలలోని వాయువు సాగి, పనిచేసే దారుల్లోకి వస్తుంది. ఒక ఖాళీ ప్రదేశం లక్ష ఘనపు మీటర్లు ఉంటే, పీడనం నూటికి ఒక వంతు తగ్గినా దాదాపు వెయ్యి ఘనపు మీటర్ల వాయువు బయటికి వస్తుంది. అందుకే గనుల పనిలో భారమితిని గమనిస్తూ ఉండటం పాత కాలం నుంచీ ఉన్న జాగ్రత్త. ఆకాశంలో మబ్బు పడితే పాతాళంలో పనిచేసే కార్మికుడు కూడా అప్రమత్తం కావాలి.

ఆ పక్కనే చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లలో అక్కడ బొగ్గు మండి నీటిని 500 డిగ్రీలకు పైబడిన ఆవిరిగా మారుస్తుంది. మహా పీడనంతో టర్బైనులోకి దూసుకువెళ్ళిన ఆవిరి దాని రెక్కలను తిప్పుతూ సాగుతుంది. సాగేకొద్దీ పీడనం తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, చోటు పెరుగుతుంది. మూడు కొలతలూ ఏకకాలంలో మారే సందర్భం ఇది. అందుకే టర్బైనులో ఆవిరి ప్రవేశించే చోట రెక్కలు పొట్టిగాను, బయటికి పోయే చోట చాలా పొడవుగాను ఉంటాయి. పొంగిన ఆవిరికి ఆ మేరకు దారి కావాలి కదా.

వంటింట్లో: ద్రవం ఉన్నచోట లెక్క మారుతుంది

ఇంతవరకు చెప్పినది పాత్రలో వాయువు మాత్రమే ఉన్నప్పటి మాట. అదే పాత్రలో ద్రవం కూడా ఉంటే పరిస్థితి మరింత తీవ్రం. ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవలసిన భాగం ఇదే.

ముందు కుక్కరు చూద్దాం. మూసిన పాత్రలో గాలి మాత్రమే ఉంటే 100 నుంచి 120 డిగ్రీలకు వేడి చేసినప్పుడు పీడనం నూటికి అయిదు వంతులు మాత్రమే పెరుగుతుంది. అదే కుక్కరులో నీరు ఉంది. వేడి పెరిగిన కొద్దీ కొత్త ఆవిరి పుట్టి లోపల చేరుతూ ఉంటుంది. ఆ 20 డిగ్రీలకే పీడనం రెట్టింపు అవుతుంది. పైనున్న బరువు లేచి ఆవిరిని వదలకపోతే అది ఎక్కడా ఆగదు. కనుక ఆవిరి పోయే గొట్టంలో పప్పు పొట్టు, బియ్యపు గింజ చిక్కుకోకుండా ప్రతిసారీ చూడాలి. మూడింట రెండు వంతులకు మించి నింపరాదు. పప్పు పొంగుతుంది కనుక సగంతోనే ఆపాలి. సేఫ్టీ వాల్వు కరిగిపోతే అసలైనదే వేయించాలి. దాన్ని మరోదానితో బిగించి మూసివేయటం అంటే చివరి ద్వారాన్ని కూడా మూసివేయటమే.

ఇక గ్యాసు సిలిండరు. ఇంట్లో వాడే సిలిండరులో 14.2 కిలోల ఇంధనం ద్రవరూపంలో ఉంటుంది, దాని పైన కొంత వాయువు ఉంటుంది. నింపేటప్పుడు సుమారు ఐదో వంతు చోటు ఖాళీగా వదులుతారు. తూకంలో మోసం జరిగిందని దీన్ని అనుమానించనవసరం లేదు. ఆ ఖాళీ మన ప్రాణాలకు రక్షణ. ఈ ద్రవం వేడికి నీటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా పొంగుతుంది. పొంగటానికి ఆ చోటు కావాలి. వాయువు నలుగుతుంది, ద్రవం దాదాపు నలగదు. సిలిండరు అంతా ద్రవంతో నిండిపోతే, ఆపైన కొద్ది డిగ్రీల వేడికే పీడనం ఉక్కును చీల్చేంతగా పెరుగుతుంది.

పెద్ద సిలిండరు నుంచి చిన్న సిలిండరులోకి గ్యాసు నింపే దొంగచాటు వ్యాపారం ఎందుకు ప్రాణాంతకమో ఇప్పుడు తెలుస్తుంది. అక్కడ తూకం ఉండదు, ఖాళీ వదిలే లెక్క ఉండదు, కారిన గ్యాసుకు అగ్గి దూరంగా ఉండదు. కొద్ది రూపాయలు మిగులుతాయని టీ బండివారు, గదుల్లో ఉండే విద్యార్థులు అలాంటి సిలిండర్లు తెచ్చుకుంటారు. నీడలో బాగానే ఉన్న సిలిండరు ఎండలోకి వచ్చినప్పుడు ప్రమాదంగా మారవచ్చు.

పెళ్ళి వంటల దగ్గర మరొక దృశ్యం కనబడుతుంది. పెద్ద దేగ్ కింద పొయ్యి ఉధృతంగా మండుతుంటే, సిలిండరు చల్లబడి దాని ఒంటి మీద తేమ, ఒక్కోసారి మంచు పేరుకుంటుంది. మంట తగ్గిపోతుంది. ద్రవం వాయువుగా మారటానికి కావలసిన వేడిని తనలోంచీ సిలిండరులోంచీ తీసుకోవటమే దీనికి కారణం. వేడి తగ్గితే పీడనం తగ్గుతుంది. గ్యాసు అయిపోలేదు, అలసిపోయిందంతే. బిర్యానీకి ఆలస్యమవుతుందన్న తొందరలో కొందరు దానిపై వేడినీళ్ళు పోస్తారు, మరికొందరు సిలిండరును పడుకోబెడతారు, ఇంకొందరు నిప్పు సెగ దగ్గరకు జరుపుతారు. మూడూ చేయరాని పనులే. పడుకోబెడితే ద్రవమే గొట్టంలోకి వస్తుంది. ఈ ద్రవం బయటపడితే సుమారు 250 రెట్ల చోటును ఆక్రమించే వాయువు అవుతుంది. సెగ తగిలితే లోపల పీడనం ఎక్కడికి చేరిందో బయటి నుంచి కంటికి కనబడదు. పెద్ద వంటకు రెండు మూడు సిలిండర్లను తగిన అమరికతో, ఆరుబయట, పొయ్యికి దూరంగా కలిపించుకోవటమే సరైన మార్గం. ఒక్కో సిలిండరు మీద భారం తగ్గితే అది అంతగా చల్లబడదు.

ఇంటికి తీసుకోవలసిన జాగ్రత్తలు

సిలిండరు తీసుకునేటప్పుడు పై వలయాన్ని పట్టి ఉంచే పలక లోపలి వైపు చూడండి. ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. ఎ అంటే మార్చి, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు. అంకె సంవత్సరాన్ని సూచిస్తుంది. బి 27 అంటే 2027 జూన్ లోపల ఆ సిలిండరుకు తిరిగి పీడన పరీక్ష జరగాలని అర్థం. గడువు దాటినదైతే తీసుకోకుండా మార్చమని అడగటం మీ హక్కు.

గ్యాసు వాసన వస్తే స్విచ్చులను వేయకూడదు, ఆర్పకూడదు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు, కిటికీలు తెరవండి. ఈ గ్యాసు గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి పై కిటికీ ఒక్కటే తెరిస్తే చాలదు, నేలకు ఆనుకున్న తలుపు తెరవాలి. అందరూ బయటకు వచ్చిన తరువాత 1906 నంబరుకు ఫోను చేయండి. వంటింట్లో ఎక్కువసేపు గడిపే అమ్మీకి, బహూకు, ఎదిగిన పిల్లలకు ఈ నంబరు నోటికి వచ్చి ఉండాలి.

ఒంటెను కట్టివేసి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయాలన్న బోధ మనందరికీ తెలిసినదే. సృష్టిలో ప్రతిదానికీ ఒక కొలత ఉందని విశ్వసించే మనం, ఆ కొలత తెలుసుకున్న తరువాత కూడా దాన్ని పట్టించుకోకపోతే అది తవక్కుల్ కాదు, అజాగ్రత్త.

జనగామ దగ్గర గాలి వదిలించుకుని బయలుదేరిన కారును మరచిపోలేదు కదా. ఆ కుటుంబం క్షేమంగా చేరిందనే అనుకుందాం. తిరుగు ప్రయాణం ఇంకా ఉంది. వరుని వైపు బంధువు ఒకాయన ఉదయం ఫజ్ర్ నమాజు తరువాత కారు దగ్గరకు వచ్చి, తలుపు చట్రం మీది కొలత చూపించి, "బయలుదేరే ముందు చల్లటి టైర్లలో ఇంత గాలి పెట్టించండి భాయ్‌సాబ్" అని చెబితే చాలు. ఆ మాట చెప్పటానికి ఖర్చేమీ కాదు. ఈ వేసవిలో మీ బంధువులలో ఎవరికి ఆ మాట చెప్పాలో మీకే బాగా తెలుసు.